కొమురెల్లి వంతు

"సూది వేసుకున్నారా లేదా, ముందది చెప్పండి" అంది నర్సు రాహేలు, దీక్షా శిబిరం ముందు నిలబడి.

"ఏసుకున్న తల్లీ, పొద్దుగాల్నే" అన్నాడు కొమురెల్లి. ప్రత్యేక తెలంగాణ కోసం ఆర్ట్స్ కాలేజీ ముందు వేసిన గుడారంలో, మెడలో బంతిపూల దండతో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మరి తిన్నారా?"

"రిలే నిరాహార దీక్షల ఎవరన్న తింటరా?"

రాహేలు వెంటనే ఫోను తీసింది. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే మనిషి కూర్చున్నచోటే సొమ్మసిల్లిపోతాడు. పైగా ఈ హాస్టలు వంటమనిషికి షుగరు, బీపీ, ఒకసారి గుండెపోటు కూడా. తార్నాక క్లినిక్ గోడకు అంటించిన ఏడుగురు ప్రమాదపు రోగుల్లో మొదటి పేరు అతనిదే. రోజూ పదింటికి ఆమె వచ్చి అతన్ని చూసిపోవాలి. ఆ ఏడుగురిలో ఎవరికి తేడా వచ్చినా క్లినిక్ జట్టంతా కదలాలి. అది డాక్టరు పెట్టిన నియమం.

ఫోను చేసిన పావుగంటలో డాక్టర్ ఆదినారాయణ, రోగుల తిండి సంగతి చూసే స్వాతి ఒకే ఆటోలో దిగారు.

"వేలు ఇట్లియ్యప్పా, ఒక్క చుక్క చాలు" అన్నాడు డాక్టరు, షుగరు మిషను తీసి.

"ఇయ్యాల నా రక్తం తెలంగాణకే సార్. మీకు రేపు."

"పడిపోతే ఎవరు మోస్తారు నిన్ను?"

"పడితే పేపర్ల వస్త."

స్వాతి సంచిలోంచి అరటిపండు తీసింది. కొమురెల్లి మొహం తిప్పుకున్నాడు.

"నేను లేస్త, అదేం పెద్ద పని. జాగ ఎవరు నింపుతరు? నాతోని కూసోవాల్సినోళ్లు ఇద్దరు ఎగ్గొట్టిన్రు. నేను గూడ లేస్తే మూడు జాగలు ఖాళీ. టీవీవోళ్లు గవే చూపిస్తరు. ఇజ్జత్ పోతది."

జట్టు ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మేం కూర్చుంటే వెళ్లి తింటారా?" అంది రాహేలు.

"మీదేవూరు తల్లీ?"

"గుడివాడండి."

"పర్వాలే. ఆకలికి ఊరేంది."

"నాది కదిరి" అని అడక్కుండానే చెప్పేశాడు డాక్టరు, చెప్పులు విడుస్తూ.

ఐదు నిమిషాల్లో ముగ్గురి మెడల్లోనూ దండలు పడ్డాయి. మొదటి నినాదానికి రాహేలు ఊరికే పెదవులు కదిపింది. మూడోదానికి గొంతు కూడా కలిసింది. డాక్టరు మాత్రం "నిలబడి చూస్తావేమప్పా, పోయి తిను" అని కసిరాడు.

కొమురెల్లి అరటిపండు జేబులో వేసుకుని గుడారం వెనక్కి నడిచాడు. అక్కడ దీక్షలో కూర్చునేవాళ్ల పేర్లు రాసుకునే బాలస్వామి నోరు తెరిచి చూస్తున్నాడు.

"క్యాంపస్ అంత తిరిగినా నాకు ఒక్కడు దొరకలే. ముగ్గురిని ఒక్కపారే ఎట్ల పట్టినవన్నా?"

"ఏముంది తమ్మీ. ఇంట్ల మూడు జొన్నరొట్టెలు తినొచ్చి, నర్సమ్మ వచ్చే యాళ్లకు గీ దండ ఏసుకొని కూసున్న."