అరువు శోకం

భర్త శవం పక్కన కూర్చుని గున్నమ్మ శోకం తీసింది. "నన్నొగ్గీసి ఎల్లిపోనావా, నా తండ్రీ!"

గోడమీది నకలు పెట్టె ఎర్రబడింది. ఒకరి మాటలూ పాటలూ ఇంకొకరు కాజేయకుండా ప్రభుత్వం ఇంటింటికీ బిగించిన పెట్టె అది. "ఈ వాక్యం ఇప్పటికే వేరొకరి పేరున ఉంది. దయచేసి సొంత మాటల్లో ఏడవండి" అంది.

"మాయత్త ఇలగే ఏడ్సింది, మాయమ్మా ఇలగే ఏడ్సింది. మరింకెలగ ఏడమంతావు?" అని గున్నమ్మ విరుచుకుపడి, మళ్లీ మొదలెట్టింది. ఈసారి పెట్టె కీచుమంటూ ఆమె గొంతును ముంచేసింది.

గున్నమ్మ మొగుడి మొహం మీదికి వంగింది. "పులుసులో ఉప్పు సాల్లేదని అలిగి తొంగున్నావు. లెగిసుంటే ఏసీదాన్ని కదా" అంది మెల్లగా.

పెట్టె పచ్చబడింది. ఆ మాట గున్నమ్మ పేరున నమోదైపోయింది.

ఏడాది తిరక్కుండానే పక్కింటి పోలమ్మ మొగుడూ పోయాడు. సొంత మాటలు వెతుక్కుంటూ పోలమ్మ పొద్దుటి నుంచి కొయ్యబారిపోయి ఉంది. చివరికి, "ఉప్పు సాల్లేదని అలిగి తొంగున్నావా..." అంటూ బావురుమంది.

పెట్టె ఎర్రబడింది. "ఇది గున్నమ్మ గారి వాక్యం."

పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆడవాళ్ల మధ్యనుంచి గున్నమ్మ లేచింది. "నాదే. పోలమ్మొదినకిచ్చీసినాను."

"అయితే మీ పేరు చెప్పి ఏడవమనండి" అంది పెట్టె.

గున్నమ్మ పోలమ్మను గుండెకు పొదువుకుంది. "ఏడు వొదినా, ఏడు."

"గున్నమ్మొదిన ఏడ్సినట్టే నానూ ఏడుస్తన్నాను, ఓలమ్మా!"

పెట్టె పచ్చబడింది. దాన్నెవరూ చూడలేదు.