చూసేవాళ్ళు అక్కర్లేదు

మద్దిలేటి కూతకు పోయి బోర్లా పడ్డాడు.

ఎవరో చప్పట్లు కొట్టారు.

గీసుకుపోయిన మోకాలి కన్నా ఆ చప్పట్లే ఎక్కువ చురుక్కుమన్నాయి. తలెత్తి చూస్తే ఎప్పటిలాగే గ్రౌండు చివర బండమీద, కంబళి కప్పుకున్న ముసలాయన. ఆయన తప్ప ఆట చూసే పురుగు ఇంకోటి లేదు.

ధర్మవరం ఊరి చివరి కాలేజీకి కబడ్డీ జట్టు ఉందన్న సంగతి ఆ జట్టులో ఆడేవాళ్ళకు తప్ప ఎవరికీ పట్టదు.

"చూసే దిక్కులేని ఆట మనకెందుకయ్యా? ఈసారీ ఇట్లాగే ఉంటే జట్టు ఎత్తేద్దాం," అన్నాడు ప్రిన్సిపాలు.

బేస్తవారం హిందూపురం జట్టుతో మ్యాచీ. డ్రిల్లు సారు హనుమప్ప ఒక ఉపాయం పన్నాడు. ఆరోజు ఆఖరి పీరియడు హాజరు గ్రౌండులోనే పిలిచాడు. పిల్లలు బుద్ధిగా వచ్చి నిలబడ్డారు. "ఎస్సార్" అన్నవాడు అన్నట్టే గోడ దూకాడు. ముదిగుబ్బవాళ్ళు బస్సుకు, ఊళ్ళోవాళ్ళు సినిమాకు. పేర్లు పిలవడం పూర్తయ్యేసరికి పాపం సారు ఎదుట ఖాళీ నేల మిగిలింది.

"కాలేజీ మనదొక్కరిదేనా సార్? వాళ్ళది గాదా?" అన్నాడు చాంద్, జట్టులో చిన్నవాడు.

హనుమప్ప విజిలు నోట్లో పెట్టుకున్నాడు.

హిందూపురం నుంచి జట్టు ఒక్కటే రాలేదు. లారీ నిండా పిల్లలు వచ్చారు, తప్పెట్లతో సహా. వాళ్ళ గోల మధ్య మనవాళ్ళు ఒక్కొక్కరే పడుతున్నారు. పడినప్పుడల్లా బండమీది నుంచి చప్పట్లు.

సగం ఆట అయ్యాక మద్దిలేటి నేరుగా బండ దగ్గరికి పోయాడు.

"ఏం తాతా, మేం పడితే నీకంత కులుకా?"

"కులుకేం గాదప్పా. దుమ్ము లేస్తాంది, చూస్తాండా."

"ఎవురు గెలుస్తాండారో తెలుసా నీకు?"

"అది నాకేల? మీరు ఆడతాండారు, నాకంతే చాలు."

"నువ్వు కూచున్న దినమల్లా మేం ఓడతాండాం. లెయ్యి ఆడనుంచి. మాకు చూసేటోళ్ళు అక్కర్లేదు."

ముసలాయన అర్థం కానట్టు చూశాడు.

"అక్కర్లేదా?"

"అక్కర్లేదంటే అక్కర్లేదు!"

ఆయన కంబళి దులుపుకుని లేచాడు. గేటుదాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగాడు. ఎవరూ పిలవలేదు.

"చూసే దిక్కులేక ఏడుస్తాంటే, ఉన్న ఒక్కణ్ణీ తరిమితివి కదరా," అన్నాడు హనుమప్ప.

ముసలాయన లేకపోయినా ఓడారు. ఇంకాస్త బాగా ఓడారు.

హనుమప్ప కాళ్ళావేళ్ళా పడితే ప్రిన్సిపాలు ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. శనివారం మంచి వాన కురిసింది. సోమవారం సాయంత్రం జట్టు నిక్కర్లు వేసుకుని ఉత్సాహంగా గ్రౌండుకు వచ్చింది.

గ్రౌండు లేదు.

సున్నపు గీతలూ లేవు. నేలంతా చాళ్ళు పడి ఉంది. సుంకన్న అనే రైతు ఇంకో మూల ఎద్దులను తోలుతున్నాడు. గట్టుమీద ఉలవల మూట.

"ఏమప్పా, ఇది కాలేజీ గ్రౌండు!" అరిచాడు మద్దిలేటి.

"కాలేజీది యాడాయప్పా? మా చేనే. పిల్లోళ్ళు ఆడుకున్నన్నాళ్ళు ఆడుకోనీ అని నోటిమాటగా ఇచ్చిండేది. ఆట నిలిచినాక మాది మాకే."

"ఆట యాడ నిలిచింది? రోజూ ఆడతానే ఉండాం కదా!"

"మీ మాట మీరే చెప్పుకుంటే ఎట్లప్పా? చూసినోళ్ళుంటే పిలుచుకోని రాపో."

అప్పుడే కాలేజీ వదిలారు. పిల్లలు గుంపులు గుంపులుగా రోడ్డెక్కుతున్నారు.

"రేయ్, మా ఆట చూసినాం అని వచ్చి చెప్పండ్రా!" చాంద్ గొంతు చించుకున్నాడు.

ఒకడు చెయ్యి ఊపి, బస్సుకు పరిగెత్తాడు.

చాంద్‌కు ఏడుపొచ్చింది. మద్దిలేటి దిక్కులు చూశాడు. బండ కనిపించింది.

"ఉండాడు! ఒక ముసలాయన, కంబళి కప్పుకోని దినామూ ఆ బండమీద కూచోని చూసేవాడు. ఆయన్ని అడుగు, చెప్తాడు!"

సుంకన్న ఎద్దులను నిలిపాడు.

"ఆయన మాట మీదనే ఇన్నేండ్లూ మేం ఈడ నాగలి పెట్టలేదప్పా. దినామూ పొద్దు గుంకినాక ఇంటికొచ్చి, ఈపొద్దు గూడా పిల్లోళ్ళు ఆడినార్రా అని చెప్పేవాడు. బేస్తవారం వచ్చి, వాళ్ళకు చూసేటోళ్ళు అక్కర్లేదంట, ఇంక మీరు దున్నుకోండ్రా అని గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు, మా నాయన."