రెండూ ఒకటేనమ్మా

“చెరువు చూస్తారాండీ?” అని అడిగాడు నూకరాజు.

“వద్దండీ,” అన్నాడు మురళీమోహన్. చచ్చిన రొయ్యల్ని గోతిలో పూడ్చి వారమైనా, ఆ వాసన ఇంకా వసారాలోకి వస్తూనే ఉంది.

మురళీమోహన్ అమలాపురంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాడు. నూకరాజు కూతురు అక్షయ కాలేజీకి రావడం మానేసిందని, కనుక్కుందామని అల్లవరం దాటి ఇంతదూరం వచ్చాడు. వాళ్లకు చెప్పిన కారణం అదే. అసలు కారణం ఇంకా నోటిదాకా రాలేదు.

“మస్కట్ నుంచి వచ్చేసి మొదటిసారి చెరువు కౌలుకి తీసుకున్నానండి,” అన్నాడు నూకరాజు. “రొయ్యకి పెంకు గట్టిపడ్డంలేదంటే, మందుల షాపాయన కాల్షియం క్లోరైడ్ చల్లమన్నాడు. పాత కౌలుదారు వదిలేసిన డ్రమ్మొకటి షెడ్డులో ఉందండి. దానిమీద కాల్షియం అని ఇంగ్లీషులో ఉంది. మిగతాది నాకేం తెలుసండీ? చదువుకున్న పిల్ల కదా అని అక్షయని చూడమన్నాను. ఇదే నాన్నా అంది. చల్లేను. తెల్లారేసరికి చెరువంతా తేలిపోయిందండి.”

అక్షయ తల్లి చిన్నమ్మలు కాఫీ గ్లాసు తెచ్చి మురళీమోహన్ ముందు పెట్టింది.

“డ్రమ్ములో ఉన్నది బ్లీచింగంటండి. పేరు చదవడం రాని చదువు ఎందుకండీ? అందుకే మానిపించేసేం.”

“అక్షయ ఏమంటుందండీ?”

“ఏమంటుందండి? నేనే తప్పు చదివేనమ్మా అంది.”

అక్షయ లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. క్లాసులో ఒక ప్రశ్నకు జవాబు దొరికేలోపే ఇంకోటి అడిగే పిల్ల. ఇప్పుడు తల ఎత్తడం లేదు. మురళీమోహన్ కూడా ఆమె వైపు చూడలేకపోయాడు.

రొయ్యలు చచ్చిపోవడానికి ముందు సాయంత్రం రావులపాలెం సెంటర్లో, లారీల హారన్ల మధ్య, బండి దిగకుండానే ఫోను ఎత్తాడు. “సార్, కాల్షియం క్లోరైడూ, కాల్షియం హైపోక్లోరైటూ ఒకటేనాండీ?” అని అడిగింది అక్షయ. అతను సరిగ్గా విననైనా లేదు. “రెండూ ఒకటేనమ్మా,” అనేసి పెట్టేశాడు.

ఆ ఫోనుకి ముందు, అదే వారం క్లాసులో బల్ల గుద్ది చెప్పాడు. “క్లోరైడ్ అంటే కాల్షియానికి జతగా ఉన్నది ఉత్త క్లోరినే. హైపోక్లోరైట్ అంటే ఆ క్లోరిన్ వెంట ఆక్సిజన్ కూడా ఉంది. పేరుకి తోక మారిందా, గుణం మారిపోయినట్టే. ఒకటి తేమ పీల్చుకుని నీళ్లలో ఇట్టే కరిగిపోయే ఉప్పు. రెండోది క్రిముల్ని చంపే బ్లీచింగ్ మందు.” అంత చెప్పిన మనిషి, అవసరానికి అడిగిన పిల్లకు ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పలేకపోయాడు. ఆ పిల్లేమో ఇన్ని తిట్లు తింటూ కూడా ఇంట్లో అతని పేరు ఎత్తలేదు. అది తలుచుకుంటేనే అతనికి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

కాఫీ ముట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు.

“నూకరాజు గారూ, తప్పు అక్షయది కాదండి. నాది. ఆ రెండు పేర్లూ ఒకటేనా అని నాకు ఫోన్ చేసింది. ఒకటేనని నేనే చెప్పాను.”

చిన్నమ్మలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూకరాజు ఒక్క ఉదుటున లేచాడు.

“విన్నావా చిన్నమ్మలూ? సారే చెప్పేరంట! ఇన్నాళ్లూ పిల్లని తిడుతున్నాం.”

“ఏమన్నా పడతానండీ. అక్షయని మాత్రం కాలేజీకి పంపండి.”

“పంపడమేంటండీ! రేపు నేనే వస్తాను మీ కాలేజీకి. నా చెరువు చంపింది ఈయనేనని ప్రిన్సిపాల్ గారి ముందే చెప్తాను. పాఠం చెప్పేవారు ఇలాగేనాండీ చెప్పేది? మీకు సిగ్గుగా లేదాండీ?”

“ఉందండీ,” అన్నాడు మురళీమోహన్. నూకరాజు గొంతు ఇంకా పెరిగింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

అక్షయ గుమ్మం దిగి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. తప్పు తనమీద వేసినప్పుడు దించిన తల, మొదటిసారి ఎత్తింది. కూతురి మొహం చూసి నూకరాజు మాట మధ్యలోనే ఆగిపోయింది.

“మీరు చెప్పింది నేను నమ్మలేదు సార్, నాన్నకి చల్లొద్దనే చెప్పేను.”