బోర్డు చూసి వచ్చినాయన

లొరెటా బయటికి వచ్చేసరికి క్యాంపర్ బండి కింద ఎవరో దూరి ఉన్నారు. రెండు పాత బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఎవరండీ అది?"

డెబ్బై దాటిన మనిషి ఒకాయన, ఒళ్ళంతా దుమ్ముతో, పాక్కుంటూ బయటికొచ్చాడు.

"అమ్మకానికని బోర్డు పెట్టారు కదమ్మా. గ్యాస్ పైపు చూస్తున్నా."

"తలుపు తట్టాలని తెలీదా?"

"తట్టాను. మీరు ఫోన్‌లో అరుస్తున్నారు."

నిజమే. షోరూమ్ వాడి మీద అరుస్తోంది.

"ఎవరు లొరెటా?" వరండాలోంచి భర్త డ్వేన్ అడిగాడు.

"బేరం. కింద నుంచి మొదలుపెట్టాడు."

పొద్దుట్నుంచీ ఆమెకు కాలు నిలవడం లేదు. చక్కెర జబ్బు డ్వేన్ చూపు తినేసింది. ఇక క్యాంపర్‌లోనే పడుకుంటూ తిరగడానికి కొండలూ లేవు, సరస్సులూ లేవు. అతన్ని వారం వారం బాయిసీ ఆసుపత్రికి తిప్పడానికి ఒక చిన్న కారు చాలు. ట్విన్ ఫాల్స్ షోరూమ్ వాడు క్యాంపర్ తీసుకుని కారు ఇస్తానన్నాడు. కాని వాడు కట్టిన ధర తలుచుకుంటే ఆమెకు కడుపు మండిపోతోంది. బయట అమ్మితే ఇంకో ఆరు వేల డాలర్లు వస్తాయి. కంట్లో వేసే సూదులకు అవి అక్కరకొస్తాయి.

షోరూమ్ గడువు ఈ సాయంత్రం ఆరింటి వరకే.

గేటు దాకా వెళ్తుంది. రోడ్డు చూస్తుంది. గడియారం చూసుకుంటుంది. మళ్ళీ గేటు దాకా వెళ్తుంది.

ముసలాయన మాత్రం తొందర లేకుండా బండి చుట్టూ తిరుగుతున్నాడు.

"లోపల మంచం చూడరా? పొయ్యి?"

"హీటర్ ఎప్పుడు వెలిగించారమ్మా?"

"మూడేళ్ళయింది."

"విప్పి చూస్తాను," అంటూనే జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"ధర అడగరేం?"

ఆయన అప్పటికే హీటర్ మూత విప్పుతున్నాడు. రోడ్డు పక్కన ఆపిన ఆయన నీలం పికప్‌లో ఒక పరుపు, రెండు కుర్చీలు, ఒక రేడియో తాళ్ళతో కట్టి ఉన్నాయి. పాత సామాను కొని అమ్ముకునేవాడే అనుకుంది లొరెటా.

రెండింటికి, వస్తామని ఫోన్ చేసిన జంట వచ్చింది. టకర్, అతని భార్య జోలీన్, ఆమె చంకలో తొమ్మిది నెలల పాప.

జోలీన్ లోపలికెళ్ళింది. పాప చిన్న కిటికీ తెర పట్టుకుని లాగుతుంటే, "అబ్బ! ఎంత ముద్దుగా ఉందో!" అంది.

"సరే మేడం, తీసుకుంటాం," అన్నాడు టకర్. "ఈ రాత్రికే స్టాన్లీ కొండల్లో ఉంటాం."

"అక్కడ ఇంకా చలి. హీటర్ ఉందిలే," అంది లొరెటా సంతోషం పట్టలేక.

అప్పుడు బండి వెనక నుంచి ముసలాయన వచ్చాడు. చేతిలో టార్చి ఇంకా వెలుగుతోంది.

"వద్దు బాబూ. ఇందులో పాపను పడుకోబెట్టకండి."

"ఎందుకని?"

"హీటర్ లోపల రేకు చిట్లింది. అది మార్చేదాకా ఈ బండి ఎవరూ కొనకూడదు."

టకర్ తన భార్య ముఖం చూశాడు. భార్య పాప ముఖం చూసింది.

"మళ్ళీ ఫోన్ చేస్తాం మేడం."

వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా ఆగి, లొరెటా ముసలాయన మీద విరుచుకుపడింది.

"నీలాంటివాళ్ళని చాలామందిని చూశాను! వచ్చిన బేరం చెడగొట్టి, సాయంత్రం సగం ధరకి అడుగుదామనే కదూ?"

"పది నిమిషాలివ్వమ్మా. గ్యాస్ మూసేసి పోతాను."

"ముందు నా ఇంటి ముందు నుంచి కదులు!"

ఆయన టోపీ దులుపుకుని తలమీద పెట్టుకుని, పికప్ ఎక్కి వెళ్ళిపోయాడు.

"ఆ గొంతులో బేరం లేదు లొరెటా," అన్నాడు డ్వేన్.

"కళ్ళు పోయాయి సరే, చెవులూ పోయాయా నీకు?"

అనేశాక నాలుక కరుచుకుంది. డ్వేన్ నవ్వాడు.

మూడయింది. నాలుగయింది. టకర్ ఫోన్ చేయలేదు. ఇంకెవరూ రాలేదు. అయిదింటికి బోర్డు పీకి పడేసి, క్యాంపర్‌లోనే డ్వేన్‌ని ఎక్కించుకుని, పళ్ళు కొరుకుతూ లొరెటా షోరూమ్‌కి బయల్దేరింది. దారి పొడుగునా ముసలాయన్ని తిడుతూనే ఉంది.

షోరూమ్‌లో బండి తనిఖీ చేసే మెకానిక్ యెసేనియా అనే అమ్మాయి. అరగంటకి ఒక నల్లటి రేకు పట్టుకుని వచ్చింది. దాని మీద వేలంత పొడవు చీలిక.

"మేడం, ఈ మధ్య హీటర్ వెలిగించారా?"

"లేదు. ఏం?"

"బతికిపోయారు. ఈ చీలికలోంచి విషగాలి లోపలికొస్తుంది. వాసనుండదు. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోతారు."

లొరెటా ఆ చీలిక మీద వేలు పెట్టి చూసింది. పాప చెయ్యి కిటికీ తెర పట్టుకుని లాగడం గుర్తొచ్చింది.

"ఒకాయన చెప్పాడు," అంది మెల్లగా. "తరిమేశాను."

"నీలం పికప్పా? ఆర్విల్ గారు! అమ్మకానికని బోర్డు కనిపిస్తే చాలు, బండాపేస్తారు. ఈ చుట్టుపక్కల ఆయన విప్పని హీటర్ లేదు."

"ఆయనెక్కడుంటాడమ్మా? వెంటనే వెళ్ళాలి."

"ఇల్లు ఖాళీ చేసేశారు మేడం. ఇవాళే ఆరెగాన్‌లో కూతురి దగ్గరికి ప్రయాణం. పొద్దున వచ్చి చెప్పి వెళ్ళారు. దారిలో మీ బోర్డు కనబడి ఉంటుంది."

డ్వేన్ తడుముతూ చేయి చాపి భార్య భుజం మీద వేశాడు.

"ఇన్ని బళ్ళు చూశాడు కదా," అంది లొరెటా. "ఎన్ని కొన్నాడు?"

"ఒక్కటీ కొనలేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒకటి అమ్మారంతే," అని యెసేనియా ఆ రేకు బల్లమీద పెట్టింది. "కొన్నవాళ్ళు చంటిబిడ్డతో సహా ఆ మొదటి రాత్రే అందులో పడుకుని, మళ్ళీ లేవలేదు."