గోడ మీది రొట్టె

థూ! ఆ మనిషి మళ్ళీ టీ గిన్నెలో ఉమ్మాడు.

పచ్చగా, జిగురుగా, నురగతో. నాలుక కింద నొక్కుకున్న పొగాకు పొడి తాలూకు ఊట అది. అదే గిన్నెలో పొద్దున మస్తూరా టీ తాగింది. మొహం రైలు కిటికీ వైపు తిప్పుకుంది.

అవతల సమర్‌కంద్ దాటిన పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. ఈ కిటికీ కోసం ఆమె ఎన్నేళ్ళు కాచుకుందో!

జిజాఖ్‌లో వాళ్ళ వీధిలో ఎవరు ఊరికి పోయినా, గుమ్మం దాటేముందు కొరికే రొట్టె మస్తూరా తందూరులోదే. అంచున ఒక్క గాటు కొరికి, మిగతాది గోడకు తగిలించి వెళ్తారు. తిరిగొచ్చి దాన్ని పూర్తిచేయాలి. అందాకా వెళ్ళినవాళ్ళను ఆ రొట్టె ఇంటివైపు లాగుతూనే ఉంటుంది. సైన్యానికి పోయిన కుర్రాళ్ళు కొరికారు. రష్యాకు కూలికి పోయినవాళ్ళు కొరికారు. ముప్పై నాలుగేళ్ళు అందరికీ కాల్చిపెట్టడమే గానీ, మస్తూరా తన కోసం ఒక్కటీ కొరికింది లేదు.

యాభై ఏడో ఏట మొండికేసింది. "బుఖారా పోతాను. పది రోజులు. ఒక్కదాన్నే."

నెల రోజులు హడావిడి. కొత్త చెప్పులు కొని, కరవకుండా ఇంట్లోనే తొడుక్కుని తిరిగింది. ఒక్క మనిషికి సరిపోయే చిన్న టీ కూజా, ఒకే ఒక్క గిన్నె సర్దుకుంది. తందూరులో పది గుమ్మడి సమోసాలు కాల్చుకుంది.

"ఒక్కరికి పదెందుకత్తయ్యా?" అంది కోడలు ఫెరూజా.

"ఎవరికీ పెట్టకుండా తింటే ఎలా ఉంటుందో చూడొద్దూ!"

బయల్దేరే పూట ఫెరూజా రొట్టె అందించింది. "గట్టిగా కొరకండి, తొందరగా వచ్చేస్తారు."

"తొందరేం లేదులే" అంటూ మస్తూరా పంటి చివరతో గిల్లినట్టు కొరికింది. అప్పుడు నవ్వుతూనే ఉంది. స్టేషన్ చేరేసరికి మాత్రం మొహం గంటు పెట్టుకుంది.

ఇప్పుడు ఎదుటి సీట్లో ఈ మనిషి. ఇతనూ జిజాఖ్‌లోనే ఎక్కాడు. ఎక్కుతూనే మేజోళ్ళు విప్పి, ఆమె టీ కూజా పక్కనే ఆరేశాడు. కుళ్ళిన ముల్లంగి కంపు. అడగనైనా అడక్కుండా ఆమె మూట విప్పి ఆరు సమోసాలు మింగాడు. మీసాలకంటిన గుజ్జు నాక్కుని, జిడ్డు వేళ్ళు రైలువాళ్ళ తెల్లటి తెరకు తుడిచాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు పైగా.

మస్తూరా మూట ముడి బిగించి పక్కన పెట్టుకుంది.

"ఇదిగో, టీ ఇటు పొయ్యి. కిటికీలో ఏముందని? మట్టి. బుఖారాలోనూ మట్టే. పాత గోడలు చూడ్డానికి ఆడది ఇంత దూరం పోతుందా ఎక్కడన్నా? నలుగురూ నవ్విపోతారు."

మస్తూరా చెయ్యి దానంతటదే కూజా అందుకుని, రైలువాళ్ళ గ్లాసులో టీ పోసింది. ఆ చెయ్యి మీద ఆమెకే అసహ్యం పుట్టింది.

టీ తాగి అతను బర్రున త్రేన్చాడు. ఆమె శాలువానే మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నోరు తెరుచుకుంది. పచ్చటి చొంగ శాలువా మీదికి కారింది. గురక మొదలైంది. ఇక భూకంపం వచ్చినా లేచే రకం కాదు.

మధ్యాహ్నం దాటాక, ఆ రైలుపెట్టె చూసుకునే అమ్మాయి వచ్చింది. "ఖాలా, వచ్చేది బుఖారా. ఈయన టికెట్టూ అక్కడికే" అంటూ అతన్ని తట్టబోయింది.

మస్తూరా ఆమె చెయ్యి పట్టుకుంది. "లేపకు తల్లీ. ఖివా దాకా పోతానని ఇందాకే అన్నాడు."

"మీకు తెలిసినాయనా?"

"నా సమోసాలు ఆరు మింగాడు. ఇంతకన్నా తెలియాలా? లేపావంటే బూతులు తిడతాడు, నీ ఇష్టం."

"నాకెందుకొచ్చిన గొడవ! మిగతా దూరానికి డబ్బు తర్వాత వసూలు చేస్తాలే." ఆ అమ్మాయి ముక్కు మూసుకుని వెళ్ళిపోయింది.

మస్తూరా ఉమ్మిన గిన్నె వదిలేసింది. శాలువా వదిలేసింది. సంచీ, మూట తీసుకుని, కొత్త చెప్పులు చప్పుడు కాకుండా దిగింది.

బండి ఎడారి మీదుగా ఖివా వైపు కదిలింది. చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా చూసి, మస్తూరా ఎండలో బెంచీ మీద కూర్చుంది. మిగిలిన నాలుగు సమోసాలు ఒక్కొక్కటిగా, తీరిగ్గా, ఎవరికీ పెట్టకుండా తింది. ఉప్పు సరిగ్గానే ఉంది. ఒక్కతే ఉండి పెద్దగా నవ్వింది.

జిజాఖ్‌లో ఇంటి గోడకు వేలాడుతున్న రొట్టెకు మాత్రం రెండు గాట్లున్నాయి: ఒకటి మస్తూరాది, రెండోది "పెళ్ళాన్ని ఒంటరిగా ఎలా పంపుతాను" అంటూ ఆఖరి గడియలో సంచీ సర్దుకున్న ఆమె మొగుడిది.