మంచు టైర్ల మీద పందెం

సగం ఎత్తు ఎక్కి కారు ఆగిపోయింది. చక్రాలు మాత్రం ఆగలేదు. మంచు చిమ్ముతూ ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి.

"ఎక్కుతుంది, ఎక్కుతుంది," అన్నాడు ఇసోగాయ్, స్టీరింగు మీదికి వంగి.

"దిగుతోందండీ!" అంది పక్క సీట్లోంచి భార్య చిజు.

నిజమే, కారు వెనక్కి జారుతోంది. జపాను ఉత్తరాన ఉన్న ఓటారులో ఆ ఏడు తొలి మంచు పడిన ఉదయం అది. వాకిళ్లలో మంచు తోసుకుంటున్న ఇరుగుపొరుగు పని ఆపి మరీ చూస్తున్నారు. చూడరా మరి! చలికాలానికని బిగించే మంచి మంచు టైర్లుంటే చాలు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి డాబుకి తప్ప ఎందుకూ పనికిరాదని నెల రోజులుగా వీధి వీధికీ పాఠం చెప్పింది ఇసోగాయేనాయె. పాఠం చెప్పిన పంతులు ఇప్పుడు అందరి ముందూ వెనక్కి నడుస్తున్నాడు. కారు ఎంతో మర్యాదగా వాలు దిగి, కాకులు పీకకుండా చెత్త సంచుల మీద కప్పిన వలలోకి వెనక భాగం దూర్చి నిలబడింది.

"వల్లో పడింది బావా! పెద్ద చేపే!" అని పైనుంచి కేక.

చిజు తమ్ముడు ర్యోహేయ్. వాలు పైన, బావ ఇంటి ముందు, తన ఎత్తైన ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ఆనుకుని తాపీగా కాఫీ తాగుతున్నాడు.

పందెం వీళ్లిద్దరిదీ. తొలి మంచు రోజున ఇసోగాయ్ కారు ఈ వాలు ఎక్కితే, చలికాలమంతా అతని ఇంటి కప్పు మీద పేరుకునే మంచు ర్యోహేయ్ దించాలి. ఎక్కకపోతే ఇసోగాయ్ పడవ ర్యోహేయ్‌ది. ఇసోగాయ్‌కి ఆ పడవంటే ప్రాణం. పెళ్లిరోజు మరిచిపోయాడు గాని, దానికి రంగు వేసిన రోజు ఎన్నడూ మరిచిపోలేదు.

"నేను ముందే చెప్పాను," అంది చిజు. "ఎండాకాలమంతా ఈ కారు గుయ్‌మని ఒకటే రొద. దీని పనైపోయిందండీ. మనమూ తమ్ముడి బండిలాంటిది కొందాం."

"కారుదేముంది? టైర్లు చూడు. అక్టోబరులోనే మార్చాను. ఊరందరికంటే ముందు!"

ఆ మాట అబద్ధం కాదు. అక్టోబరు మూడో ఆదివారం, ఎండ కాస్తుండగానే, నాలుగు చక్రాలూ తన చేతులతో మార్చాడు. ర్యోహేయ్ పక్కనే గొంతుక్కూర్చుని, కాల్చిన చిలగడదుంప తింటూ చూస్తున్నాడే గాని ఒక్క బోల్టుకీ చెయ్యి వెయ్యలేదు. అంతసేపూ నోరు మెదపనివాడు, ఆఖరి బోల్టు బిగించాక మాత్రం, "పందెమా బావా?" అన్నాడు.

ఇసోగాయ్ రెండోసారి ప్రయత్నించాడు. కారు మొదటిసారి ఎక్కినంత కూడా ఎక్కలేదు. మూడోసారి అడ్డంగా తిరిగి, వీధికి గేటు వేసినట్టు నిలబడిపోయింది. ఎదురింటి ముసలాయన చప్పట్లు కొట్టాడు.

"చాలు బావా, పరువైనా మిగుల్చుకో," అంటూ ర్యోహేయ్ తన బండి కిందికి తెచ్చి, తాడు కట్టి, బావ కారుని ఇంటిదాకా ఈడ్చుకెళ్లాడు. లోపల ఇసోగాయ్ స్టీరింగు పట్టుకుని తానే నడుపుతున్నట్టు ముఖం పెట్టాడు. ఎవరూ నమ్మలేదు. తనకే నవ్వొచ్చింది.

కారు దిగి, ఓడిపోయిన మనిషి చెయ్యాల్సిన పని చేశాడు. జేబులోంచి పడవ తాళంచెవి తీశాడు. నీళ్లలో పడ్డా తేలాలని దానికి బెండు ముక్క కట్టింది తనే. దాన్ని బావమరిది చేతిలో పెట్టాడు.

"ఒప్పుకుంటున్నానురా. టైర్లు ఉత్తవే. నీ బండే బండి. నెల రోజులు నోరు నొప్పెట్టేలా వాగిన వెధవని నేను."

"పోన్లే బావా. అప్పుడప్పుడూ చేపలు పంపిస్తాలే."

ఇంతలో, వాలు మీద చల్లడానికి ఇసక తెస్తానని షెడ్డులోకి వెళ్లిన చిజు ఖాళీ చేతులతో బయటికొచ్చింది.

"ఏవండీ, షెడ్డులో మంచు టైర్లున్నాయి."

"ఉండవు. అవి కారుకున్నాయి."

"ఉన్నాయండీ. నాలుగూ ఉన్నాయి. వాటి మీద మంచు గుర్తు కూడా ఉంది."

ఇసోగాయ్ వంగి, కారు చక్రానికి అంటిన మంచు తుడిచి చూశాడు. నున్నటి వేసవి టైరు.

"మార్చానే! నా చేతులతో మార్చానే!"

"అక్టోబరులో మార్చారు. మరి ఏప్రిల్లో?"

ఏప్రిల్లో చేపలు బాగా పడ్డాయి. వేసవి టైర్లు వచ్చే ఆదివారం వేద్దాంలే అనుకుంటూ ప్రతి ఆదివారమూ పడవెక్కాడు. ఎండాకాలమంతా మంచు టైర్ల మీదే తిరిగాడు. గుయ్‌మన్నది అవే. అక్టోబరు రాగానే, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ, కారుకున్నవి విప్పి షెడ్డులో ఉన్నవి బిగించాడు. ఊరందరికంటే ముందు!

సిగ్గుతో చచ్చిపోవాల్సిన మనిషి ఒక్కసారిగా ఎగిరి గంతేశాడు.

"అంటే నేను చెప్పిందే నిజం! టైర్లే ముఖ్యం! ఇంతకంటే రుజువేం కావాల్రా? పందెం చెల్లదు, తాళం ఇటివ్వు!"

ర్యోహేయ్ తాళాన్ని జేబులో వేసుకుని, జిప్పు పైదాకా లాగాడు.

"ముమ్మాటికీ టైర్లే ముఖ్యం బావా. ఆ రోజు నువ్వు ఏవి విప్పి ఏవి బిగిస్తున్నావో చూశాకే కదా, నేను పందెం కట్టింది!"