సంతకం కాగితం

“కాస్త గుండెదడ, అంతే. మా ఆవిడకి ప్రతిదానికీ కంగారు,” అంటూ నవ్వాడు టైలరు, కుట్టుమిషన్ ముందు నుంచి లేవకుండానే.

అంబులెన్సులో వచ్చిన అమ్మాయి అతని ఛాతీకి తీగలంటించి మానిటరు చూసింది. నిమిషానికి రెండువందల పది. ఆ వేగంలో గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చు.

“సాయంత్రానికి బట్టలిస్తానని మాటిచ్చా. ఆసుపత్రికి రానని సంతకం పెడతా, ఆ కాగితమేదో ఇవ్వమ్మా.”

“కాగితాలు అయిపోయాయి బాబాయ్. ముందు పడుకోండి.”

మత్తిచ్చి, ఛాతీకి కరెంటు షాకిచ్చింది. మానిటరు మీద గీత దారికొచ్చింది.

కళ్లు తెరిచేసరికి టైలరుకు ఆమె సంచిలో ‘ఆసుపత్రికి రాను’ అని అచ్చేసిన కాగితాల కట్ట కనిపించింది. “బోలెడున్నాయి కదమ్మా! అబద్ధమెందుకు చెప్పావు?”

ఆమె అతని మణికట్టు వదల్లేదు. “పోయినేడు ఒకాయన ఇలాగే నవ్వుతూ అడిగితే ఇచ్చాను బాబాయ్. పెన్ను కూడా నాదే. గుండ్రంగా సంతకం పెట్టాడు మా నాన్న.”